పప్పు లోఫ్ విరగకుండా నిలిచింది

అనంతపురంలో మా ఇంట్లో మైసూరుపప్పుతో లోఫ్ (టిన్నులో అదిమి, బ్రెడ్‌లా ఓవెన్‌లో కాల్చి ముక్కలు కోసేది) చేసిన ప్రతిసారీ కత్తి పెట్టగానే ఉప్మా అయిపోయేది. శనగపిండి పెంచినా, బ్రెడ్ పొడి కలిపినా, ఓవెన్‌లో ఇంకో పావుగంట ఉంచినా లాభం లేకపోయింది.

తంటా అంతా తడితోనే. ఈసారి కప్పు పప్పు ఉడికించి, వార్చి, మళ్లీ బాణలిలో సన్నసెగన తిప్పా. గరిటెతో గీత గీస్తే ఆ దారి పూడుకోకూడదు, అంతదాకా. 2 చెంచాల అవిసెగింజల పొడి 6 చెంచాల నీళ్లలో 10 నిమిషాలు నానితే జిగురొచ్చింది. అది, వేయించిన ఉల్లిపాయ, అరకప్పు ఓట్స్, గుప్పెడు చెనిక్కాయల, అంటే పల్లీల, పొడి (మన ఊర్లో అది లేకుండా ఎట్లా?) కలిపి టిన్నులో గట్టిగా అదిమా. 180 డిగ్రీలు, 45 నిమిషాలు. తీశాక అరగంట ముట్టుకోలేదు. ముక్క నిలబడింది! జేజి మాత్రం "పప్పు వడే కదబ్బీ ఇది" అనింది.

కందిపప్పుతో చేసి చూడలేదు. చిన్న ఓవెన్లలో టైం మారొచ్చు.