లీనక్స్ ల్యాప్‌టాప్ ఒకసారి సస్పెండై రెండోసారి మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

లక్షణం

ఏఎండీ ప్రాసెసర్ ఉన్న పాత ల్యాప్‌టాప్, అందులో లీనక్స్. పొద్దున మూత వేస్తే సస్పెండైంది, తెరిస్తే లేచింది. మధ్యాహ్నం మళ్ళీ మూత వేస్తే మాత్రం ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. అలాగే బ్యాగులో పెట్టేస్తే కాసేపటికి చెయ్యి పెట్టలేనంత వేడి. రీస్టార్ట్ చేస్తే మళ్ళీ ఒక్కసారికి పనిచేస్తుంది, అంతే. లాగ్ తిరగేస్తే, ఏదో సర్వీస్ (వెనక నడిచే ప్రోగ్రాము) మొదలవబోయి 'ఫైల్ ఎగ్జిస్ట్స్' అని ఆగిపోయినట్టు కనిపిస్తుంది. ఏ ఫైలో చెప్పదు. నిజానికి అక్కడ ఫైలంటూ ఏదీ లేదు.

ఇదే జబ్బుకు ఇంకో రూపం: 2019 జులైలో వచ్చిన రైజెన్ 3000 డెస్క్‌టాప్, కొన్ననాటి బయోస్‌తోనే (మెషీన్‌ను మొదట లేపే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. ఉబుంటు 18.04 చక్కగా బూట్ అవుతుంది, 19.04 కాదు. అదే మెషీన్‌లో విండోస్‌లోకి వెళ్తే డెస్టినీ 2 గేమ్ తెరుచుకోదు.

మీది ఇదేనా?

సస్పెండ్ నుంచి లేచాక తెర నల్లగా ఉండిపోతే అది గ్రాఫిక్స్ డ్రైవర్ గొడవ, ఈ వ్యాసంతో పని లేదు. మెషీన్ బాగానే లేచి, రెండోసారి పడుకోకపోతేనో, పైన చెప్పిన రైజెన్ 3000 అయితేనో ముందుకు చదవండి.

టెర్మినల్‌లో 'ఎల్‌ఎస్‌సీపీయూ' కొట్టి సీపీయూ ఫ్యామిలీ చూడండి. 21 లేదా 22 అయితే అనుమానించాలి (రైజెన్ 3000 అయితే 23 వస్తుంది). సిస్టమ్‌డీ (లీనక్స్‌లో సర్వీసులను మొదలుపెట్టి నడిపించే ప్రోగ్రాము) వెర్షన్ 240, 241, 242లలో ఒకటైతే అనుమానం ఇంకా బలపడుతుంది. ఖాయం చేసుకోవాలంటే, మెషీన్ లేచిన తర్వాత మొదలైన ఏదైనా సర్వీస్‌ మీద 'సిస్టమ్‌సీటీఎల్ షో' నడిపి ఇన్వొకేషన్ ఐడీ (ఆ సర్వీస్‌కు సిస్టమ్‌డీ ఇచ్చిన గుర్తింపు సంఖ్య) వరుస చూడండి. అక్కడ 32 అక్షరాల కలగాపులగం ఉండాలి. 13వ అక్షరం 4, 17వది బీ, మిగతావన్నీ ఎఫ్‌లే అయితే దొంగ దొరికినట్టే. ఆ 4, బీ కూడా యాదృచ్ఛికంగా వచ్చినవి కావు, యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్యల ఫార్మాట్ ప్రకారం ఆ చోట కొన్ని బిట్లు ముందే ఖాయమై ఉంటాయి.

కారణం

ప్రాసెసర్‌లో ఆర్‌డీర్యాండ్ అని ఒక ఇన్‌స్ట్రక్షన్ ఉంది. అడిగితే ఒక ర్యాండమ్ సంఖ్య ఇస్తుంది, ఇవ్వగలిగానా లేదా అన్నది క్యారీ ఫ్లాగ్ అనే ఒక్క బిట్‌లో చెబుతుంది. ఫ్లాగ్ 1 అయితే ఇచ్చినట్టు, 0 అయితే మళ్ళీ అడగమన్నట్టు. సస్పెండ్ నుంచి లేచేటప్పుడు ఆ ర్యాండమ్ యంత్రాంగాన్ని మళ్ళీ సిద్ధం చేయాల్సింది బయోస్. ఫ్యామిలీ 21, 22 మెషీన్లు కొన్నిటిలో బయోస్ ఆ పని సరిగా చేయలేదు. ఫలితంగా ఎన్నిసార్లు అడిగినా 64 బిట్లూ 1లే వస్తాయి. పైగా ఫ్లాగ్ కూడా 1! ఇవ్వలేనని ఒప్పుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. రైజెన్ 3000 తొలి బయోస్‌లతో సస్పెండ్ దాకా కూడా అక్కర్లేదు, బూట్ నుంచే ఇదే వరస.

సిస్టమ్‌డీ మొదలుపెట్టే ప్రతి సర్వీస్‌కీ ఒక ఇన్వొకేషన్ ఐడీ ఇస్తుంది. బూట్ మొదట్లో కెర్నెల్ (లీనక్స్ అసలు గుండెకాయ) దగ్గర ర్యాండమ్‌నెస్ పోగయ్యేదాకా కాచుకోవడం ఎందుకని, వెర్షన్ 240 నుంచి ఆ ఐడీలకు నేరుగా ఆర్‌డీర్యాండ్‌నే అడగసాగింది. మెషీన్ లేచాక మొదటి సర్వీస్‌కు ఎఫ్‌ల ఐడీ దొరుకుతుంది (నాలుగు 1 బిట్లు కలిస్తే హెక్సాడెసిమల్‌లో ఒక ఎఫ్), అది మొదలవుతుంది. రెండోదానికీ అదే ఐడీ వస్తుంది. ఇది ఇప్పటికే ఉందే అని సిస్టమ్‌డీ ఐడీల పట్టిక తిప్పికొడుతుంది. ఆ తిరస్కారానికి లీనక్స్‌లో ఉన్న ఎర్రర్ పేరే 'ఫైల్ ఎగ్జిస్ట్స్'. సస్పెండ్ చేసేదీ ఒక సర్వీసే కాబట్టి, రెండోసారి అదీ ఇలాగే ఆగిపోతుంది. కెర్నెల్‌కు మాత్రం పెద్దగా దెబ్బ తగల్లేదు, ఎందుకంటే అది ఆర్‌డీర్యాండ్‌ను వేరే మూలాలతో కలిపే వాడుతుంది.

తప్పు ఎవరిది? బయోస్‌ది, అందులో వాదన లేదు. మరి వేరేవాళ్ళ తప్పుకు సిస్టమ్‌డీ ఎందుకు సర్దుకోవాలి? సర్దుకోవాల్సిందేనని నా అభిప్రాయం. ల్యాప్‌టాప్ కొన్న మనిషికి బయోస్ రాసినవాళ్ళు ఎవరో తెలియదు, నాలుగేళ్ళ పాత మోడల్‌కు కంపెనీ కొత్త బయోస్ ఇస్తుందన్న హామీ లేదు. మన తప్పు కాదని చేతులు దులుపుకుంటే ఆ మనిషి మెషీన్ బాగుపడదు. కానీ గుట్టుగా సర్దుకోకూడదు. లాగ్‌లో గట్టిగా చెప్పి సర్దుకోవాలి, లేకపోతే బయోస్‌ను బాగుచేయమని అడిగేవాడే ఉండడు.

పరిష్కారం

మొదట బయోస్ అప్‌డేట్. రైజెన్ 3000కు అసలు మందు ఇదే, బోర్డు కంపెనీల ద్వారా ఏఎండీ సవరణ పంపింది. లీనక్స్‌లో ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే బయోస్ అప్‌డేట్ ప్రోగ్రాము మీ మోడల్‌ను గుర్తుపడితే అక్కడి నుంచే ఎక్కించండి. లేకపోతే కంపెనీ సైట్ నుంచి ఫైలు దించుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసి, బయోస్ మెనూలోంచే ఎక్కించాలి. మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు కాబట్టి డెస్క్‌టాప్‌కు యూపీఎస్, ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ తప్పనిసరి.

బయోస్ దొరకలేదా? సిస్టమ్‌డీని 243కో ఆ పైకో మార్చండి. 2019 సెప్టెంబర్‌లో వచ్చిన ఆ వెర్షన్ నుంచి, ఆర్‌డీర్యాండ్ అన్నీ 0లు గానీ అన్నీ 1లు గానీ ఇస్తే అనుమానాస్పదమని పక్కన పడేసి కెర్నెల్‌నే అడుగుతుంది. నిజంగానే అన్నీ 1లు రావడానికి అవకాశం 2 టు ది పవర్ 64లో ఒక వంతు కాబట్టి, పారేసినా పోయేదేమీ లేదు.

అయితే ఈ కట్టు సిస్టమ్‌డీ ఒక్కదానికే. ఆర్‌డీర్యాండ్‌ను నేరుగా వాడే మిగతా ప్రోగ్రాములకు ఎఫ్‌లే అందుతూంటాయి. అందుకే నాకు కెర్నెల్ చేసిన పని ఎక్కువ నచ్చింది. 5.3 నుంచి, ఫ్యామిలీ 21, 22లలో ఒక ఎంఎస్‌ఆర్ రిజిస్టర్‌లో (ప్రాసెసర్ సెట్టింగులు ఉండే చోటు) 62వ బిట్‌ను తుడిచేస్తుంది. ఆ తర్వాత ఏ ప్రోగ్రాము సీపీయూఐడీని (ప్రాసెసర్‌లో ఏమేం ఉన్నాయో చెప్పే ఇన్‌స్ట్రక్షన్) అడిగినా, ఆర్‌డీర్యాండ్ ఇక్కడ లేదనే జవాబొస్తుంది. అంటే అందరికీ ఉమ్మడిగా ఉన్న పొరలో, దోషమున్న ఫ్యామిలీలకే పరిమితమై జరిగిన సర్దుబాటు. పాత స్టేబుల్ కెర్నెళ్ళకూ ఇది చేరింది. అప్‌డేట్ చేశాక 'ఎల్‌ఎస్‌సీపీయూ' ఫ్లాగుల వరుసలో ఆర్‌డీర్యాండ్ మాయమైతే సవరణ అందినట్టు. సీపీయూఐడీని అడక్కుండా ఇన్‌స్ట్రక్షన్‌ను నేరుగా నడిపేసే ప్రోగ్రామును ఇదీ ఆపలేదు.

చేయకూడనివి రెండు. బూట్ వరుసలో (కెర్నెల్‌కు బూట్‌లో ఇచ్చే ఆప్షన్ల జాబితా) 'నోఆర్‌డీర్యాండ్' పెట్టమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. అది కెర్నెల్‌కే ఫ్లాగు కనబడకుండా చేసేది. సిస్టమ్‌డీ సీపీయూఐడీని సొంతంగా అడిగేది కాబట్టి ఈ జబ్బుకు అది పనిచేయదు, కొత్త కెర్నెళ్ళలో ఆ ఆప్షనే తీసేశారు. రెండోది, ఆర్‌డీర్యాండ్‌కు 'ఫోర్స్' విలువ ఇవ్వడం. కెర్నెల్ దాచినదాన్ని అది మళ్ళీ బయటపెడుతుంది. బయోస్ బాగుపడిందని సస్పెండ్ చేసి చూసుకున్నాకే దాని జోలికి వెళ్ళండి.

ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ఒక మాట: ఫ్లాగ్ 1 అంది కదా అని నమ్మకండి, వీలైతే గెట్‌ర్యాండమ్ అనే సిస్టమ్ కాల్ ద్వారా కెర్నెల్‌నే అడగండి. 2025లో ఏఎండీ జెన్ 5 ప్రాసెసర్లలో ఆర్‌డీసీడ్ (ఆర్‌డీర్యాండ్ లాంటిదే ఇంకో ఇన్‌స్ట్రక్షన్) 16, 32 బిట్ రూపాలు ఉండాల్సిన దానికంటే ఎక్కువసార్లు 0 ఇస్తూ, విజయవంతమనే ఫ్లాగు చూపిస్తున్నట్టు బయటపడింది. 64 బిట్ రూపానికి ఆ దోషం లేదు.