గవర్నరు ఎన్నికల తొలి సర్వేలను ఎలా చదవాలి

మన దేశంలో గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికాలో గవర్నరును ప్రజలే నేరుగా ఓటు వేసి ఎన్నుకుంటారు; అధికారాల పరంగా చూస్తే ఆ పదవి మన ముఖ్యమంత్రి పదవికి దగ్గరగా ఉంటుంది. రాష్ట్ర బడ్జెట్టుకు, బడుల నిధులకు, చట్టసభ ఆమోదించిన బిల్లులకు ఆ ఒక్కరి సంతకమే కీలకం కాబట్టి, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది అధ్యక్ష ఎన్నికకు ఏమాత్రం తీసిపోని ఎన్నిక. 2026 నవంబరు 3న జరిగే ఎన్నికల్లో 36 రాష్ట్రాల గవర్నరు పదవులు ఉన్నాయి. అయితే సర్వేలు పోలింగుకు ఏడాది ముందు నుంచే వెలువడతాయి, "ఫలానా అభ్యర్థికి ఆరు పాయింట్ల ఆధిక్యం" అనే శీర్షిక వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతుంది. ఆ శీర్షికను పక్కన పెట్టి సర్వేను సర్వేగా చదివే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. తొలి సర్వేలో మొట్టమొదట చూడవలసింది ఎవరు ముందున్నారన్నది కాదు, ఇంకా ఎందరు తేల్చుకోలేదన్నది. మిగిలిన మెలకువలన్నీ దాని తరువాతే వస్తాయి.

ఇందుకు 2022 మేరీల్యాండ్ డెమొక్రాటిక్ ప్రైమరీని మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. ప్రైమరీ అంటే నవంబరులో పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఓటర్లే తేల్చే ఎన్నిక. 2007 నుంచి రాష్ట్ర కంప్ట్రోలరుగా, అంటే రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే అధికారిగా ఉన్న పీటర్ ఫ్రాంషో, కేంద్రంలో కార్మిక మంత్రిగా పనిచేసిన టామ్ పెరెజ్, అంతకు ముందు ఏ ఎన్నికలోనూ పోటీ చేయని వెస్ మూర్ అందులో ప్రధాన పోటీదారులు. మూర్ తనతోపాటు లెఫ్టినెంట్ గవర్నరు (అక్కడ గవర్నరు తరువాతి పదవి) అభ్యర్థిగా ఎంచుకున్న అరుణా మిల్లర్ హైదరాబాదులో పుట్టినవారు కావడంతో తెలుగువారు ఆ పోటీని ప్రత్యేకంగా గమనించారు. జూన్ మధ్యలో గౌచర్ కాలేజీ జరిపిన సర్వేలో ఫ్రాంషోకు 16 శాతం, మూర్‌కు 14, పెరెజ్‌కు 14 వచ్చాయి. శీర్షిక వరకు చదివినవారు ఫ్రాంషో ముందున్నారని అనుకున్నారు. అదే పట్టికలో ఇంకా తేల్చుకోలేదన్నవారు 35 శాతం ఉన్నారు, అంటే మొదటి స్థానంలో ఉన్న అభ్యర్థికి వచ్చిన మద్దతుకు రెట్టింపు కంటే ఎక్కువ. జూలై 19న ఓట్లు పడ్డాయి. మూర్‌కు సుమారు 32 శాతం, పెరెజ్‌కు 30, ఫ్రాంషోకు 21 వచ్చాయి. నెల రోజుల వ్యవధిలో మూర్ వాటా రెట్టింపును దాటింది, పెరెజ్ వాటా కూడా రెట్టింపయింది, ఫ్రాంషోకు మాత్రం అయిదు పాయింట్లే కలిశాయి. ఆ సర్వే తప్పు చెప్పలేదు. మూడింట ఒక వంతుకు పైగా ఓటర్లు ఇంకా ఎటూ మొగ్గలేదని చెప్పింది, ఆ మాటే నిజమైంది. నవంబరులో మూర్ 64 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు.

కాబట్టి సర్వే చేతికి రాగానే అభ్యర్థుల మధ్య తేడాను, తేల్చుకోనివారి శాతాన్ని పక్కపక్కన రాసుకోండి. తేడా కంటే తేల్చుకోనివారి శాతం ఎక్కువగా ఉన్నంత కాలం ఆ ఆధిక్యాన్ని ఆధిక్యంగా లెక్కించకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ప్రైమరీల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం, ఎందుకంటే అభ్యర్థులందరూ ఒకే పార్టీవారు కాబట్టి ఓటరుకు పార్టీ గుర్తింపు ఏ దారీ చూపదు, చివరి వారాల్లో వచ్చే ప్రకటనలు, మద్దతు ప్రకటనలే దారి చూపుతాయి.

రెండవది, పేరు పరిచయం. పోలింగుకు చాలా ముందు అడిగితే జనం తమకు తెలిసిన పేరు చెబుతారు. అది ఇష్టం కావచ్చు, అలవాటు కూడా కావచ్చు. మంచి సర్వేలు ఓటు ప్రశ్నతోపాటు ప్రతి అభ్యర్థి గురించి మీకు సదభిప్రాయం ఉందా, దురభిప్రాయం ఉందా, అసలు ఆ పేరు విన్నారా అని విడిగా అడుగుతాయి. ఆ పట్టికను తప్పక వెతకండి. పదిమందిలో తొమ్మిదిమందికి తెలిసిన అభ్యర్థికి 30 శాతమే వస్తుంటే ఆయనకు ఎదిగే చోటు తక్కువ. పదిమందిలో నలుగురికే తెలిసిన అభ్యర్థికి 20 శాతం వస్తుంటే చోటు చాలా ఉంది. 2018లో ఫ్లోరిడా రిపబ్లికన్ ప్రైమరీలో రాష్ట్ర వ్యవసాయ కమిషనరుగా ఊరూరా తెలిసిన ఆడమ్ పుట్నం తొలి సర్వేల్లో ముందున్నారు. ట్రంప్ మద్దతు రాన్ డిసాంటిస్‌కు దక్కింది, ఆగస్టు 28న డిసాంటిస్ 56 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు. అదే రోజు డెమొక్రాటిక్ ప్రైమరీలో సర్వేల్లో వెనుకబడి ఉన్న ఆండ్రూ గిల్లం 34 శాతంతో నెగ్గారు. ఒకే రాష్ట్రంలో, ఒకే రోజు, రెండు పార్టీల్లోనూ తొలి సర్వేల వరుస తారుమారైంది.

ఇంకా బరిలోకి దిగనివారి పేర్లను కూడా సర్వేలు జాబితాలో చేరుస్తాయి. కాలిఫోర్నియా గవర్నరు పదవికి సంబంధించి 2025 ప్రథమార్ధంలో వచ్చిన సర్వేల్లో కమలా హారిస్ పేరు అలాగే చేరింది, ముందూ ఉంది. జూలై చివరలో తాను పోటీ చేయడం లేదని ఆమె ప్రకటించారు. జాబితాలో ఉన్నవారిలో నిజంగా పోటీలో ఉన్నదెవరో చూడకుండా అంకెలు చదవకూడదు.

మూడవది, ఎవరిని అడిగారన్నది. సర్వే పత్రంలో "వయోజనులు", "నమోదైన ఓటర్లు", "ఓటు వేసే అవకాశం ఉన్నవారు" అనే మూడు మాటల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. మొదటి మాట ఉంటే గెలుపోటముల కోసం ఆ సర్వేను చదవనక్కరలేదు. తొలి సర్వేలు ఎక్కువగా నమోదైన ఓటర్లను అడుగుతాయి, ఎందుకంటే ఏడాది ముందు ఎవరు పోలింగ్ కేంద్రానికి వెళతారో తేల్చడం కష్టం. గవర్నరు ఎన్నికల్లో ఇది పెద్ద చిక్కు. వర్జీనియా, న్యూజెర్సీ అధ్యక్ష ఎన్నిక మరుసటి ఏడాదిలోనూ, కెంటకీ, మిసిసిపీ, లూసియానా దానికి ముందు ఏడాదిలోనూ గవర్నర్లను ఎన్నుకుంటాయి కాబట్టి ఆ ఏళ్లలో ఓటింగ్ బాగా పడిపోతుంది. 2015లో కెంటకీలో నమోదైన ఓటర్లలో సుమారు 30 శాతమే ఓటు వేశారు. చివరి సర్వేల్లో సైతం డెమొక్రాట్ జాక్ కాన్వే ముందున్నట్టు తేలినా, రిపబ్లికన్ మాట్ బెవిన్ దాదాపు తొమ్మిది పాయింట్ల తేడాతో గెలిచారు.

నాలుగవది లెక్క, దానికి పెద్ద గణితం అక్కరలేదు. అడిగినవారి సంఖ్యకు వర్గమూలం కట్టి, 100ను దానితో భాగిస్తే వచ్చేది ఆ సర్వేకు ఉండే తేడా పరిధికి (మార్జిన్ ఆఫ్ ఎర్రర్, అంటే అసలు అంకె అటూ ఇటూ ఎంత ఉండవచ్చో దానికి) చాలా దగ్గరగా ఉంటుంది. 400 మందిని అడిగితే అటూ ఇటూ 5 శాతం, 625 మందిని అడిగితే 4, 900 మందిని అడిగితే 3.3. మేరీల్యాండ్ సర్వేలో ప్రశ్నించినది సుమారు 500 మందిని, అంటే పరిధి దాదాపు నాలుగున్నర శాతం. కనుక 16కూ 14కూ మధ్య తేడాకు ఏ అర్థమూ లేదు. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆ పరిధి ఒక్కొక్క అభ్యర్థి శాతానికి వర్తిస్తుంది, ఇద్దరి మధ్య ఆధిక్యానికి పరిధి సుమారు రెట్టింపు. 600 మందిని అడిగినప్పుడు ఒకరికి 46, మరొకరికి 42 వచ్చాయనుకుందాం. నాలుగు పాయింట్ల ఆ ఆధిక్యం నిజానికి దాదాపు పన్నెండు కావచ్చు, లేదా దాదాపు నాలుగు పాయింట్లు వెనుకబడి ఉండవచ్చు. పైగా ఈ లెక్క యాదృచ్ఛికంగా ఎంచుకోవడంలో వచ్చే తేడాను మాత్రమే పట్టుకుంటుంది. ఫోన్ ఎత్తేవారికీ ఎత్తనివారికీ ఉండే తేడాను పట్టుకోలేదు. ప్యూ పరిశోధన కేంద్రం ఫోన్ సర్వేలకు స్పందించినవారు 1997లో 36 శాతం ఉండగా 2018 నాటికి 6 శాతానికి పడిపోయారు. చదువు, వయసు, జాతి ప్రకారం సర్దుబాటు చేశారో లేదో, అంటే స్పందించినవారి పాళ్లను అసలు జనాభా పాళ్లకు తగ్గట్టు సరిచేశారో లేదో పత్రం చివర రాసి ఉంటుంది. 2016 తరువాత చదువు ప్రకారం సర్దుబాటు చేయని రాష్ట్ర సర్వేలను నేను లెక్కలోకి తీసుకోను.

ఈ లెక్క తెలుగువారికి మరో చోట ఎక్కువగా పనికివస్తుంది. "భారతీయ ఓటర్లలో 70 శాతం ఫలానా అభ్యర్థి వైపే" అనే సందేశాలు ప్రతి ఎన్నికకూ వస్తాయి. న్యూజెర్సీ జనాభాలో ఆసియా మూలాలున్నవారందరూ కలిపి పదింట ఒక వంతు. 600 మందిని అడిగిన సర్వేలో వారు 60 మంది ఉంటే వారి అంకెకు పరిధి అటూ ఇటూ 13 శాతం. అందులో భారతీయులను వేరు చేస్తే పాతికో ముప్పయ్యో మిగులుతారు, తెలుగువారిని వేరు చేస్తే వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ కొద్దిమంది మాటను మన సమాజం మొత్తానికి అంటగట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఆ వర్గం కోసమే ప్రత్యేకంగా వందల మందిని ప్రశ్నించిన సర్వే అయితే తప్ప అలాంటి అంకెను ఎవరికీ పంపవద్దు.

డబ్బు ఎవరిచ్చారన్నది తరువాత చూడాలి. అమెరికాలో సర్వే చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, పోలింగు ముగిసే ముందు 48 గంటలు సర్వే ఫలితాల ప్రచురణ ఆపాలనే మన నిబంధన వంటిదీ లేదు. అభ్యర్థి ప్రచార బృందాలు సొంతంగా సర్వేలు చేయించుకుంటాయి, వాటిలో తమకు అనుకూలంగా వచ్చినవాటినే బయటపెడతాయి. విరాళాలు రాబట్టడానికీ, పోటీదారును బరి నుంచి తప్పించడానికీ ఇది పాత పద్ధతి. అటువంటి సర్వేలో మొదటి ఓటు ప్రశ్న ఫలితాన్నే తీసుకోండి. అభ్యర్థుల గుణగణాలు చదివి వినిపించాక మళ్లీ అడిగిన ప్రశ్న ఫలితం ప్రచార సామగ్రి కిందికి వస్తుంది. ప్రశ్నల పూర్తి పాఠం, తేదీలు, పద్ధతి బయటపెట్టని సర్వేను పట్టించుకోనక్కరలేదు. అమెరికా ప్రజాభిప్రాయ పరిశోధకుల సంఘం ఈ వివరాల వెల్లడి కోసం పారదర్శకత కార్యక్రమాన్ని నడుపుతోంది, అందులో సభ్యత్వం ఉన్న సంస్థల పత్రాలు చదవడం తేలిక.

మూడవ అభ్యర్థికి తొలి సర్వేల్లో కనిపించే బలం చాలాసార్లు పోలింగు నాటికి కరిగిపోతుంది. 2022లో ఒరెగాన్‌లో స్వతంత్ర అభ్యర్థి బెట్సీ జాన్సన్‌కు కొన్ని సర్వేల్లో 20 శాతం దాకా వచ్చింది, ఓట్ల లెక్కింపులో వచ్చినది తొమ్మిది శాతంలోపే.

ఒకే సర్వేను చూసి దిశ నిర్ణయించుకోకూడదు. 2021లో కాలిఫోర్నియా గవర్నరు గావిన్ న్యూసమ్‌ను తొలగించాలా వద్దా అనే ఓటింగుకు ముందు, ఆగస్టులో సర్వేయూఎస్ఏ సంస్థ తొలగింపు పక్షం పదకొండు పాయింట్ల ఆధిక్యంలో ఉందని చూపింది. సెప్టెంబరులో అదే సంస్థ తొలగింపు వద్దనేవారే ముందున్నారని చెప్పింది. చివరకు దాదాపు 62 శాతం వద్దన్నారు. సర్వేను అదే సంస్థ అంతకు ముందు చేసిన సర్వేతో పోల్చాలి, ఆ నెలలో వచ్చిన ఇతర సర్వేల సగటుతో కూడా పోల్చాలి. వేరు వేరు సంస్థల అంకెలను వరుసగా పేర్చి, ఫలానా వారు పుంజుకుంటున్నారని చెప్పడం సరికాదు.

మరొక పొరపాటు అనుభవజ్ఞులు కూడా చేస్తారు: గత ఎన్నికలో సర్వేలు ఎటు తప్పాయో చూసి, ఈసారి అంకెలను అటువైపు జరపడం. న్యూజెర్సీ చరిత్ర చూడండి. 2021లో మాన్మత్ విశ్వవిద్యాలయం చివరి సర్వేలో డెమొక్రాట్ గవర్నరు ఫిల్ మర్ఫీకి రిపబ్లికన్ జాక్ చిటరెల్లి మీద పదకొండు పాయింట్ల ఆధిక్యం కనిపించింది. మర్ఫీ సుమారు మూడు పాయింట్లతో గట్టెక్కారు. ఆ సంస్థకు నాయకత్వం వహించిన ప్యాట్రిక్ మరే పత్రికలో వ్యాసం రాసి బాధ్యత ఒప్పుకున్నారు, ఆ నిజాయితీకి నాకు గౌరవం. నాలుగేళ్ల తరువాత అదే చిటరెల్లి మళ్లీ నిలబడినప్పుడు, సర్వేలు రిపబ్లికన్ల బలాన్ని తక్కువ చేసి చూపుతాయనే నమ్మకంతో చాలామంది పోటీ హోరాహోరీ అన్నారు. చివరి సర్వేల్లో అధికం డెమొక్రాట్ మికీ షెరిల్‌కు పది పాయింట్లలోపు ఆధిక్యమే చూపగా, ఆమె సుమారు 14 పాయింట్ల తేడాతో గెలిచారు. అదే రాష్ట్రం, అదే రిపబ్లికన్ అభ్యర్థి. సర్వేలు తప్పిన దిశ మాత్రం తలకిందులైంది.

గవర్నరు సర్వే అంకెను మిగతా పదవులకు వర్తింపజేయవద్దు. మేరీల్యాండ్‌లో గవర్నరుకూ లెఫ్టినెంట్ గవర్నరుకూ కలిపి ఒకే ఓటు. వర్జీనియాలో రెండూ వేరు. 2025లో వర్జీనియాలో అబిగైల్ స్పాన్‌బర్గర్ గవర్నరుగా సుమారు 15 పాయింట్లతో గెలిస్తే, అదే పార్టీ తరఫున లెఫ్టినెంట్ గవర్నరుగా నెగ్గిన, హైదరాబాదులోనే పుట్టిన గజాలా హష్మీకి వచ్చిన తేడా సుమారు 11 పాయింట్లు.

ఇంత వడపోశాక తొలి సర్వేల్లో మిగిలేది తక్కువేమీ కాదు. ఓటర్లు ఏ సమస్యను మొదట చెబుతున్నారు, పదవిలో ఉన్న గవర్నరు పనితీరును ఎందరు మెచ్చుకుంటున్నారు, ఏ అభ్యర్థి పేరు ఏ ప్రాంతంలో ఇంకా తెలియదు అనేవి ఏడాది ముందు కూడా నమ్మదగిన సమాచారమే. ప్రచార బృందాలు డబ్బు పెట్టి కొనుక్కునేది దీన్నే. ఎవరు గెలుస్తారన్న అంకెను మాత్రం ప్రైమరీ ముగిసి, పోటీలో ఎవరున్నారో తేలి, సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాటాక చూడటం మొదలుపెట్టండి. చాలా సంస్థలు ఓటు వేసే అవకాశం ఉన్నవారిని మాత్రమే లెక్కించడం ఆ సమయంలోనే మొదలవుతుంది. అప్పుడు కూడా తేల్చుకోనివారి వరుసనే ముందు చదవండి.