ఇంటి జనరేటర్ – 4వ పాఠం: పెట్రోలు వాసన ఎక్కడిది?

పోయిన పాఠంలో స్పార్క్ ప్లగ్ శుభ్రం చేయడం నేర్చుకున్నాం. ఈసారి పెట్రోలు కారడం సంగతి చూద్దాం.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పాకి పల్లంలో నిలుస్తుంది, దూరాన ఉన్న చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. అందుకే జనరేటర్ బండిని ఆరుబయటికి లాగండి, ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి, ప్లగ్ క్యాప్ పీకేయండి. పగటిపూటే చేయండి.

ముక్కుతో వెతక్కండి, వాసన అంతటా ఒకేలా ఉంటుంది. పెట్రోలు ట్యాపు మూసి, బండిని పొడిగుడ్డతో తుడిచి, కింద పాత పేపరు పరచండి. పది నిమిషాలు అక్కడే ఉండి చూడండి. మరక త్వరగా ఆరిపోతుంది, పక్కకు వెళ్తే దొరకదు. ట్యాపు మూసినా తడి కనిపిస్తే లోపం పైనే ఉంది: ట్యాంకు అతుకు, లేదా ట్యాపు. చుక్క లేకుండా వాసన మాత్రం వస్తుంటే ట్యాంకు మూత లోపలి రబ్బరు చూడండి.

ఇప్పుడు ట్యాపు తెరవండి. ట్యాపు నుంచి కార్బరేటర్‌కు (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) వెళ్లే పైపును వేళ్లతో కొద్దిగా వంచితే పగుళ్లు నోరు తెరుస్తాయి. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు దానికి తట్టుకోదు. పగిలిన పైపుకు టేపు చుట్టకండి, మార్చేయండి.

పైపు బాగుండి కార్బరేటర్ ఓవర్‌ఫ్లో గొట్టం (ఎక్కువైన పెట్రోలు బయటికి పోయే గొట్టం) నుంచి కారితే తప్పు నీడిల్‌ది (దారి మూసే సూది) లేదా ఫ్లోట్‌ది (పెట్రోలు మీద తేలే బుడ్డి). కార్బరేటర్ గిన్నెలో పెట్రోలు నిండగానే ఫ్లోట్ పైకి లేచి నీడిల్‌తో దారి మూయాలి. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో రోజుల తరబడి మా జనరేటర్ ఆడింది. కరెంటు వచ్చాక పెట్రోలు ట్యాంకులోనే వదిలేశాను. నెలల తర్వాత విప్పితే నీడిల్ మొనకు బెల్లంపాకంలాంటి జిగురు. కార్బరేటర్ క్లీనరుతో కడిగితే పోయింది. మొన మీద గోటికి తగిలేంత గాడి పడితే మాత్రం కొత్తది వేయాల్సిందే. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే దానికి చిల్లు పడినట్టే.

ఒక్క పని మాత్రం మరిచిపోవద్దు. డిప్‌స్టిక్ (ఇంజను ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి వాసన చూడండి. ఆయిల్ పలచబడి, మట్టం పెరిగి, పెట్రోలు వాసన కొడితే నీడిల్ దాటిన పెట్రోలు ఇంజనులోకి దిగింది. ఆ ఆయిల్ మార్చేదాకా స్టార్ట్ చేయకండి, బేరింగులు అరిగిపోతాయి.

అంతా బిగించాక ట్యాపు తెరిచి, మళ్లీ పేపరు పరచి పది నిమిషాలు చూడండి. పొడిగా ఉంటే బయటే స్టార్ట్ చేసి, ట్యాపు మూసి, దానంతట అది ఆగేదాకా ఆడనివ్వండి. గిన్నె ఖాళీ అయ్యాకే బండిని లోపల పెట్టండి.