పాత సెలడాన్ కొనే ముందు అడుగు తిరగేసి చూడండి

సెలడాన్ అంటే ఆకుపచ్చ గ్లేజు, అంటే గాజులాంటి పూత, వేసి కాల్చిన మట్టి పాత్ర. అది ఎదురుగా ఉంటే చూపు ముందు రంగు మీదికే పోతుంది. కానీ నకలు చేసేవాళ్లకు అన్నిటికన్నా తేలిగ్గా చిక్కేది ఆ రంగే. గ్లేజులో ఒకటి నుంచి మూడు శాతం దాకా ఐరన్ ఆక్సైడు ఉంచి, బట్టీలో గాలి తగ్గించి 1200 డిగ్రీల సెల్సియస్ పైన కాలిస్తే ఆకుపచ్చ వస్తుంది. ఇప్పటి గ్యాస్ బట్టీకి అదేమంత పని కాదు. పాత పాత్రను పట్టించేవి వేరే ఉన్నాయి: గ్లేజు ఆగిపోయి మట్టి బయటపడే చోటు, ఏళ్ల తరబడి వాడకంలో అరిగిన చోటు. రెండూ ఎక్కువగా అడుగునే ఉంటాయి.

దగ్గర ఉంచుకోవలసినవి తక్కువే. 10 రెట్లు పెద్దదిగా చూపే లూప్, వీలైతే 30 రెట్లది ఇంకొకటి, చిన్న టార్చి, 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ లైటు, వెర్నియర్ కాలిపర్, తూకం. ఉంగరాలు, వాచీ తీసేయండి. బల్ల మీద మందపాటి మెత్తటి గుడ్డ పరిచి, పాత్రను రెండు చేతులతో దాని ఒంటి దగ్గర పట్టుకోండి. అంచు పట్టుకుని, లేదా పిడి పట్టుకుని ఎత్తకండి. పాత అతుకు ఉంటే ఊడి వచ్చేది అక్కడే.

ఎదుట ఉన్నది ఏ బట్టీ వస్తువుగా చెబుతున్నారో ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఒక్కో బట్టీకి ఒక్కో రకం మట్టి. చైనాలో షాన్షీలోని యావ్‌జౌ సరుకుది బూడిద రంగు ఒళ్లు (గ్లేజు కింది మట్టి), ఆలివ్ ఆకుపచ్చ గ్లేజు. సాంగ్ వంశ (960–1279) కాలపు మంచి ముక్కల్లో పూల డిజైను ఏటవాలు కత్తితో లోతుగా చెక్కి ఉంటుంది, గ్లేజు ఆ గాట్లలో నిలిచి ముదురుగా కనిపిస్తుంది. జజియాంగ్‌లోని యుయె సరుకు ఇంకా పాతది, గ్లేజు పలచన. హెనాన్‌లోని రూ పాత్రలు ప్రపంచం మొత్తంలో వందలోపే మిగిలాయి. 2017లో హాంకాంగ్ వేలంలో ఒక చిన్న రూ గిన్నె 29 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటింది. ఎవరైనా చవకగా రూ గిన్నె చూపిస్తే దాని మీద టైము పెట్టనక్కర్లేదు.

సాధారణంగా సేకరించేవాళ్లకు అందుబాటులో ఉండేది జజియాంగ్ నైరుతి కొండల్లోని లాంగ్‌చ్వాన్ సరుకు. దక్షిణ సాంగ్ కాలంలో (1127–1279) అక్కడ గ్లేజును పలుమార్లు పూసి మందం తెచ్చారు. అందులో పొటాషియం పాలు పెరగడంతో చిక్కబడి, కరిగినా జారిపోకుండా నిలిచింది. పచ్చరాయిలాంటి ఆ మెత్తటి మెరుపు అలా వచ్చిందే. ఆ తర్వాతి యువాన్ కాలంలో పెద్ద పళ్లేలు పెరిగాయి, మింగ్ కాలానికి (1368–1644) ఒళ్లు బరువెక్కింది.

ఇక అడుగు. లాంగ్‌చ్వాన్ మట్టి తెల్లటి బూడిద రంగు. గ్లేజు లేని చోట, బట్టీ చల్లారేటప్పుడు గాలి తగిలి మట్టిలోని ఇనుము మళ్లీ ఆక్సీకరణ చెందుతుంది, అందుకే అడుగు వలయం ఇటుక ఎరుపుకో నారింజకో తిరుగుతుంది. ఈ ఎరుపు మట్టిలోంచి వచ్చినది కాబట్టి ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా ఉంటుంది. గ్లేజు అంచును ఆనుకుని సన్నటి గీతలా ముదురుగా కనిపించడం మామూలే. నకలులో దీన్ని ఐరన్ కలిపిన నీళ్లు పూసి తెస్తారు. అప్పుడు రంగు వలయమంతా ఒకే దట్టంతో ఉంటుంది, లూప్‌లో చూస్తే కుంచె జాడ, గ్లేజు మీదికి ఎగబాకిన మరక దొరుకుతాయి. మింగ్ పళ్లేలకు అడుగు మధ్యలో గ్లేజు తుడిచేసిన గుండ్రటి పట్టీ ఉంటుంది, గొట్టంలాంటి ఆధారం మీద నిలిపి కాల్చారు కాబట్టి. థాయ్ సెలడాన్‌కీ ఇలాంటి గుర్తే ఉంటుంది, అయితే అక్కడ అది చాలాసార్లు నల్లటి వలయం. దాన్ని చైనా సరుకని అమ్మడం కొత్తేమీ కాదు.

జంట చేపల పళ్లెం ఉదాహరణగా తీసుకోండి, నకళ్లు విపరీతంగా వచ్చిన రకం ఇది. అసలుదాంట్లో చేపలను అచ్చులో నొక్కి, పలచటి మట్టితో పళ్లెం మధ్యలో అతికించి, పైన గ్లేజు పోశారు. చేప వీపు మీద గ్లేజు పలచబడి మట్టి తెలుపు లీలగా కనిపించాలి, చేప చుట్టూ ముదురు ఆకుపచ్చ నిలవాలి. అసలు పళ్లెం మీదే అచ్చు తీసి నకలు చేస్తే రెండు జరుగుతాయి. పొలుసులు మొద్దుబారతాయి. మట్టి ఆరి, కాలే లోపు సుమారు పదో వంతు కుంచించుకుపోతుంది కాబట్టి పళ్లెం చిన్నదవుతుంది. మ్యూజియం కేటలాగులో అదే రకం పళ్లెం వ్యాసం, ఎత్తు చూసి కాలిపర్‌తో పోల్చండి. గోడ మందం కూడా నాలుగు చోట్ల కొలవండి. చక్రం మీద తిప్పినది కింద మందంగా, అంచు దగ్గర సన్నగా ఉంటుంది. ద్రవ మట్టిని అచ్చులో పోసి తీసినదైతే అంతటా ఒకే మందం, చేతికి తేలిక.

గ్లేజును టార్చి వెలుగు పక్కనుంచి పడేలా పెట్టి లూప్‌లో చూడండి. పాతదాంట్లో బుడగలు చిన్నాపెద్దా కలిసి, లోతుల్లో మబ్బు పట్టినట్టు ఉంటాయి. వాడిన పాత్ర లోపల గీతలు రకరకాల దిక్కుల్లో, రకరకాల లోతుల్లో ఉంటాయి, గరిటె తగిలే చోట ఎక్కువ. ఒకే దిక్కున సమాంతరంగా గీతలుంటే గరుకు కాగితం పని. మెరుపంతా ఒకే తీరుగా చచ్చిపోయి, గుంటల్లో కూడా మసకగా ఉంటే యాసిడ్ పని, ఎందుకంటే వాడకపు అరుగుదల గుంటల్లోకి చేరదు. గ్లేజు మీది సన్నటి పగుళ్ల గీతల్లో గోధుమ రంగు ఎక్కించడానికి టీ, పర్మాంగనేట్ వాడతారు. కాబట్టి పగుళ్ల రంగును వయసుకు రుజువుగా తీసుకోకండి.

చీకటి గదిలో అల్ట్రావయొలెట్ వెలుగు వేస్తే మరమ్మతుల్లో వాడిన రెజిన్లు, రంగులు చాలావరకు గ్లేజుకు భిన్నంగా మెరుస్తాయి. గోటితో మెల్లగా తట్టినా తెలుస్తుంది: పగులున్న గిన్నె మోగదు. మరమ్మతు ఉండటం తప్పు కాదు, దాచి అమ్మడం తప్పు. టోక్యో నేషనల్ మ్యూజియంలోని ప్రసిద్ధ లాంగ్‌చ్వాన్ గిన్నె ఒకటి లోహపు కుట్లతోనే ఉంది, వాటితోనే దానికి గౌరవం.

విలువైన ముక్కకు థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష చేయించవచ్చు. అడుగున చిన్న రంధ్రం చేసి మట్టి తీసి, చివరిసారి కాలి ఎంతకాలమైందో లెక్కిస్తారు. ఏ బట్టీదో అది చెప్పదు. పాత అడుగుకు కొత్త ఒళ్లు అతికించి ఉంటే, నమూనా అడుగు నుంచే తీస్తారు కాబట్టి ఫలితం పాతదనే వస్తుంది. రేడియేషన్ తగిలినా లెక్క తప్పుతుంది. అందుకే సీటీ స్కాన్‌ను మట్టి నమూనా తీశాకే చేయించండి, అతుకులు ఉంటే అందులో బయటపడతాయి.

కాగితాల విషయంలో రాజీ వద్దు. 1911కు ముందున్న పురావస్తువులు చైనా దాటడంపై 2007 నుంచి నిషేధం ఉంది. టాంగ్ కాలం ముగిసే (907) దాకా ఉన్న చైనా వస్తువుల దిగుమతిపై అమెరికా 2009లో ఆంక్షలు పెట్టింది, పాత యుయె ముక్కలు దాని కిందికే వస్తాయి. అందువల్ల ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతులు మారిందో చూపే వేలం బిల్లు, పాత కేటలాగు పేజీ, నాటి ఫోటో అడగండి. "మా తాతగారి పెట్టెలో దొరికింది" అన్న మాట కాగితం కాదు. బిల్లు మీద బట్టీ, కాలం, మరమ్మతులు రాయించి, తేడా వస్తే డబ్బు వాపసు ఇస్తామన్న షరతు కూడా పెట్టించండి.

కొన్నాక బ్లీచ్, డిష్‌వాషర్ దగ్గరికి పోనివ్వకండి. పగుళ్లున్న గిన్నెను నీళ్లలో నానబెట్టకండి, తేమ పగుళ్లలోంచి మట్టిలోకి దిగి కొత్త మరకలు తెస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి పిండిన మెత్తటి గుడ్డ చాలు. అడుగును మాత్రం తుడవకండి. అక్కడి అరుగుదల, మట్టి జాడలు రేపు ఇంకొకరు లూప్ పెట్టి చూడాల్సినవి.