కొత్తగా సూపర్‌వైజర్ అయ్యారా? తేడా ఎక్కడ వస్తోందో చూసుకోండి

పైడిభీమవరం ఫార్మా ప్లాంట్లయినా, పలాస జీడిపప్పు యూనిట్లయినా, విజయనగరంలో బట్టల షోరూమయినా, పని బాగా చేసేవాడినే సాధారణంగా సూపర్‌వైజర్‌ని చేస్తారు. పని చేయించడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే మొదటి కొన్ని నెలల్లో వచ్చే తంటాలు అందరికీ దాదాపు ఒకేలా ఉంటాయి. మనిషిని తప్పుపట్టే ముందు పని అప్పజెప్పిన తీరు చూడాలన్నది నా అభిప్రాయం. చాలా వాటికి కారణం అక్కడే దొరుకుతుంది.

సమస్య: అందరికంటే ముందొచ్చి ఆఖరి బస్సెక్కుతున్నారు, అయినా పని తెమలడం లేదు

కారణం: మీరింకా పాత ఉద్యోగం వదల్లేదు. రియాక్టర్ దగ్గర టెంపరేచర్ మీరే చూస్తారు, వాల్వు మీరే తిప్పుతారు, కుర్రాళ్లు పక్కన నిలబడి చూస్తారు. "వాడికి చెప్పేలోపు నేనే చేసేస్తా" అని రోజుకు ఎన్నిసార్లు అనుకుంటున్నారో గమనించండి.

పరిష్కారం: తప్పినా పెద్ద నష్టం లేని పని ఒకటి చూసి పూర్తిగా అప్పజెప్పేయండి. మధ్యలో ఒకసారి వచ్చి చూస్తానని ముందే చెప్పండి. తేడా కనిపిస్తే చేతిలోంచి లాక్కోకుండా వాళ్ల చేతే సరిచేయించండి. మొదట్లో ఆలస్యమవుతుంది. అవనివ్వండి.

సమస్య: "అలాగే సార్" అంటారు, సాయంత్రానికి పని అవ్వదు

మన వైపు పెద్దవాళ్ల ముందు "అర్థం కాలేదు" అనడానికి మొహమాటం ఎక్కువ. కాబట్టి "అర్థమైందా?" అని అడిగితే వచ్చే జవాబుకి విలువ లేదు. "ఎక్కడ మొదలుపెడతావు? ఎక్కడ ఇబ్బంది రావచ్చు?" అని అడగండి, అసలు సంగతి బయటపడుతుంది.

చెప్పడంలోనూ తేడా ఉంటుంది. జీడిపప్పు గ్రేడింగ్ బల్ల దగ్గర "బాగా ఏరండమ్మా" అంటే ఎవరికి తోచినట్టు వాళ్లు ఏరుతారు. 320 రకం అంటే పౌండు బరువుకు విరగని పప్పులు 300 నుంచి 320 తూగాలి. "ఇందులో బద్ద కలవకూడదు, మచ్చ ఉన్నది పక్కన పెట్టండి, మధ్యాహ్నం భోజనాల ముందు ఒకసారి తూచి చూద్దాం" అంటే ఏం చేయాలో, ఎప్పటికి చేయాలో అందరికీ తెలుస్తుంది.

సమస్య: తప్పు జరిగిన సంగతి మీకు అందరికంటే ఆఖరున తెలుస్తోంది

వీటన్నిటిలో ఖరీదైనది ఇదే. కారణం దాదాపు ఎప్పుడూ మీరే. ఇంతకుముందు ఎవరో వచ్చి చెప్పినప్పుడు నలుగురిలో అరిచి ఉంటారు. మిగతావాళ్లు అది చూసి నేర్చుకున్నారు.

ఫార్మాలో దీని ఫలితం కాగితం మీద కనిపిస్తుంది. బ్యాచ్ రికార్డులో, అంటే ఒక్కో విడత మందు తయారీ వివరాలు రాసే పుస్తకంలో, అంకె తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి, పాత అంకె కనిపించేలా ఉంచి, సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. ఎందుకు మార్చారో కూడా రాయాలి. వైట్‌నర్ పూయకూడదు, అంకె మీద అంకె దిద్దకూడదు. తిట్లకు భయపడే మనిషి ఆ గీత కూడా కొట్టడు. షిఫ్టు చివర కూర్చుని గుర్తున్నంత వరకు రీడింగులన్నీ ఒకేసారి నింపేస్తాడు. పేజీ ముత్యాల్లా ఉంటుంది. ఆడిట్‌కి వచ్చినవాళ్లకు మొదట అనుమానం వచ్చేది ఆ పేజీ మీదే.

పరిష్కారం: ఎవరైనా తప్పు చెప్పడానికి వస్తే మొదటి మాట "ఇప్పుడు ఏం చేస్తే నష్టం ఆగుతుంది?" అని ఉండాలి. ఎలా జరిగిందో తర్వాత. ఎవరిది అన్నది ఆ పైన, అది కూడా గదిలో విడిగా. వెంటనే వచ్చి చెప్పినందుకు మెచ్చుకోండి, తప్పుకి మాత్రం లెక్క అడగండి. రెండూ ఒకేసారి చేయొచ్చు.

సమస్య: నిన్నటిదాకా కలిసి టీ తాగినవాళ్లు మిమ్మల్ని చూసి మాట మారుస్తున్నారు

"నిన్నటిదాకా మనతోటే ఉన్నోడు, ఇవాళ మనకే సెప్తన్నాడు" అని వెనకాల అనుకోవడం మామూలే. దానికి బాధపడి బిగుసుకోవద్దు, అందరినీ మెప్పించాలనీ చూడొద్దు. అన్నయ్యా అని పిలిచేవాళ్లను అలాగే పిలవండి. కొత్తగా సార్ అనిపించుకోవాలని చూస్తే నవ్వులపాలవుతారు.

ఆ పోస్టు తనకు రావాలనుకున్న సీనియర్ ఉంటే మొదటి వారంలోనే విడిగా కూర్చోండి. "ఈ మిషన్ మీకు తెలిసినంత నాకు తెలియదన్నయ్యా, అడుగుతాను. నిర్ణయం మాత్రం నేనే తీసుకోవాలి, తేడా వస్తే మాట పడేది కూడా నేనే" అని చెప్పేయండి. స్నేహం ఎక్కడ బెడిసికొడుతుందంటే డ్యూటీ చార్టు, లీవులు, ఓటీ (అదనపు గంటల పని) దగ్గర. ఈ మూడింట్లో బావమరిదికీ బయటివాడికీ ఒకటే లెక్క.

సమస్య: పండగొస్తే సగం మంది లీవు అడుగుతున్నారు

పైడితల్లమ్మ సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం. ముందురోజు తొలేళ్లు. విజయనగరం నుంచి వచ్చే కుర్రాళ్లు ఆ రెండు రోజులూ అడుగుతారని మీకు ముందే తెలుసు. సంక్రాంతి, అరసవల్లి రథసప్తమి కూడా అంతే. నెల ముందే చార్టు గోడ మీద పెట్టి, కిందటేడు పండక్కి డ్యూటీ చేసినవాళ్లకు మొదటి అవకాశం ఇవ్వండి. ఉండిపోయినవాళ్లతో అదనపు గంటలు చేయిస్తే కార్మిక చట్టం ప్రకారం రెట్టింపు వేతనం రావాలి. "కాస్త ఉండిపోరా" అని నోటిమాటతో కానివ్వకుండా రిజిస్టర్లో రాయించండి.

సమస్య: ఒక్కడే వెనకబడుతున్నాడు

చేతకాకా, సామాన్లు అందకా, ఇష్టం లేకా? మొదటి రెండింటికీ తిట్లు మందు కాదు. వారం పాటు పక్కన ఒక తెలిసినవాడిని పెట్టి చూడండి. మూడోదైతే తేదీ వేసి మాట్లాడిన సంగతి రాసుకుని పైవాళ్లకు చెప్పండి.

సమస్య: ఒక ఆడమనిషి వచ్చి, ఫలానావాడు ఇబ్బంది పెడుతున్నాడని చెప్పింది

దీన్ని మీరు పరిష్కరించకూడదు. ఇద్దరినీ పిలిచి పెద్దమనిషిలా సర్దిచెప్పే అలవాటు ఇక్కడ పనికిరాదు. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా, మామూలుగా మూడు నెలల లోపు ఇవ్వాలి. పూర్తిగా వినండి, కమిటీలో ఎవరున్నారో చెప్పండి, రాయడానికి సాయం కావాలంటే చేయండి. ఆ మాట టీ కొట్టు దాకా వెళ్లకుండా చూడండి.