పాయింట్ 22 రైఫిల్‌లో ఖోకా ఇరుక్కుంటోందా? ముందు ఆ ఖోకానే చూడండి

రేంజ్‌లో ఖోకా (కాల్చాక మిగిలే ఖాళీ ఇత్తడి కేసు) బయటికి రాకపోతే అందరి నోటా వచ్చే మొదటి మాట "స్ప్రింగు పోయింది". చాలాసార్లు స్ప్రింగుకు ఏమీ అయ్యుండదు, ఛాంబర్ (బ్యారెల్ వెనక రౌండ్ కూర్చునే చోటు) మురికి పట్టి ఉంటుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల్లో ఎన్‌సీసీ క్యాడెట్లు కాల్చే డీలక్స్ రైఫిల్ అయినా, 50 మీటర్ల పోటీకి తయారయ్యేవాళ్ల అన్‌షుట్జ్ అయినా, కారణం ఎక్కడుందో ఖోకా మీది గుర్తులే చాలావరకు చెప్పేస్తాయి. అందుకే ఇరుక్కున్న ఖోకాను పారేయకండి.

ఏం చేసే ముందైనా బ్యారెల్ బట్ వైపే, అంటే టార్గెట్ల వెనకున్న మట్టిగోడ వైపే ఉండాలి. మ్యాగజైన్ ఉంటే తీసేయండి, బోల్ట్ (ఛాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) తెరిచి ఛాంబర్‌లోకి కళ్లతో చూడండి. ఇరుక్కున్నది కాల్చని రౌండ్ అయితే ముందు నుంచి రాడ్ పెట్టి పొడవొద్దు. రైఫిల్‌ను అలాగే బట్ వైపు ఉంచి ఆర్మరర్‌ను (ఆయుధాలు బాగుచేసే సిబ్బందిని) పిలవండి.

బోల్ట్ వెనక్కి వచ్చింది, ఖోకా లోపలే ఉండిపోయింది

ఎక్కువగా కనిపించే సమస్య ఇదే. బ్యారెల్ వెనక నుంచి, అంటే బోల్ట్ వైపు నుంచి, ఖోకాను మెల్లగా బయటికి తీసి రిమ్ (దాని అడుగు అంచు) చూడండి. రిమ్ మీద ఎక్స్‌ట్రాక్టర్ (ఖోకాను పట్టి లాగే బోల్ట్ కొక్కెం) గీరిన గుర్తు ఉంటే, లేదా అక్కడ ఇత్తడి కొంచెం చిరిగి ఉంటే, ఎక్స్‌ట్రాక్టర్ తన పని తాను చేసింది. ఖోకానే గోడకు అతుక్కుంది. రిమ్ నున్నగా ఉంటే కొక్కెం అసలు పట్టుకోనే లేదు. ఈ రెండింటికీ పరిష్కారం వేరు.

ఖోకా అతుక్కోవడానికి ఈ రౌండ్ తయారీలోనే కారణం ఉంది. పాయింట్ 22లో సీసపు బుల్లెట్, ఇత్తడి కేసు రెండూ దాదాపు ఒకే లావు. అందువల్ల బుల్లెట్ మీది మైనం బయటికే ఉంటుంది. కాల్చినకొద్దీ ఆ మైనం, మందు మసి, సన్నటి సీసం కలిసి కేసు మూతి ఆగే చోట ఛాంబర్‌లో ఉంగరంలా పేరుకుంటాయి. మన దగ్గర దీనికి చెల్క దుమ్ము తోడవుతుంది. ఎండాకాలంలో రౌండ్ల పెట్టెను బండి డిక్కీలో వదిలేస్తే మైనం మెత్తబడి చేతికి అంటుతుంది, దుమ్మును పట్టేసుకుంటుంది. పెట్టె నీడలో, మూత పెట్టి ఉండాలి.

పరిష్కారం సులువే. ఇత్తడి లేదా కంచు బ్రష్‌కు కొద్దిగా సాల్వెంట్ రాసి, బోల్ట్ వైపు నుంచి ఛాంబర్‌లో పెట్టి తిప్పండి. కాసేపు నాననిచ్చి చిందీతో (గుడ్డ పీలికతో) తుడవండి, ఆఖరి చిందీ పొడిగా రావాలి. ఛాంబర్‌లో నూనె మిగలనివ్వొద్దు. నూనె ఉంటే కేసు గోడను పట్టుకోలేదు, ఆ తోపు అంతా బోల్ట్ మీద పడుతుంది. ఉక్కు బ్రష్ జోలికి వెళ్లొద్దు. పుల్‌త్రూతో (గుడ్డ కట్టి బ్యారెల్ గుండా లాగే తాడుతో) బ్యారెల్ లాగినంత మాత్రాన ఛాంబర్ శుభ్రం అయిపోదు, ఎందుకంటే ఛాంబర్ బ్యారెల్ రంధ్రం కంటే కొంచెం వెడల్పు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

శుభ్రం చేశాక కూడా ఖోకా ఇరుక్కుంటూ, దాని పక్కన ఒకే చోట నిలువు గీత పడుతుంటే, ఛాంబర్ అంచున గాటు పడి ఉండొచ్చు. కొన్ని రైఫిళ్లలో రౌండ్ లేకుండా ట్రిగర్ నొక్కితే ఫైరింగ్ పిన్ నేరుగా ఆ అంచును కొడుతుంది. దాన్ని ఇంట్లో ఆకురాయితో రుద్దొద్దు, లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ చేయాల్సిన పని అది. ఆయుధాల చట్టం, 1959 కింద మరమ్మతులు చేసేవాళ్లకు లైసెన్సు ఉండాలి. ఎన్‌సీసీ రైఫిల్ అయితే ఆర్మరర్ తప్ప ఇంకెవరూ విప్పకూడదు.

రిమ్ నున్నగా ఉన్న రెండో రకంలో, కొక్కెం కింద గట్టిపడిన మసిని చెక్క పుల్లతో గీకి తీయండి. వేలితో నొక్కితే కొక్కెం చురుగ్గా వెనక్కి రావాలి. అది బద్ధకంగా కదిలినా, మొన అరిగినా అప్పుడు మార్చాలి. స్ప్రింగును అనుమానించాల్సింది ఈ దశలో.

ఖోకా బయటికి లాగబడింది, ఎగిరి పడలేదు

ఖోకాను బయటికి విసిరేది ఎజెక్టర్. చాలా రైఫిళ్లలో అది కదలని చిన్న పలక. బోల్ట్ వెనక్కి వచ్చినప్పుడు ఖోకా వెళ్లి దానికి తగులుతుంది. మెల్లగా లాగితే మెల్లగానే పడుతుంది, అందులో లోపం లేదు. బోల్ట్‌ను చివరిదాకా ఒకే ఊపులో లాగండి. అయినా పడకపోతే ఒక ఖాళీ ఖోకా పెట్టి నెమ్మదిగా లాగుతూ గమనించండి. ఎజెక్టర్‌ను చేరకముందే జారితే తప్పు కొక్కేనిది. చేరి కూడా కదలకపోతే ఎజెక్టర్ వంగింది, లేదా బోల్ట్‌లో దాని గాడి మురికితో నిండింది.

బోల్ట్ బిగుసుకుంటోంది

ఛాంబర్ ఖాళీగా ఉన్నప్పుడు మూసి చూడండి. అప్పుడూ బిగుతుగా ఉంటే దుమ్ము కలిసిన గ్రీజు బోల్ట్ దారిలో ఉంది. తుడిచి, సన్నటి నూనె పొర మాత్రమే రాయండి. మన దుమ్ములో నూనె ఎక్కువైతే అది ఇసుక ముద్ద అవుతుంది. రౌండ్ పెట్టినప్పుడే బిగిస్తే ఛాంబర్ చూడాలి. టార్గెట్ రైఫిళ్లలో బుల్లెట్ బ్యారెల్ లోపలి గాడులకు ఆనుతుంది కాబట్టి చివర్లో కొంచెం పట్టు సహజం. అంతకంటే ఎక్కువైతే బోల్ట్‌ను అరచేత్తో కొట్టి మూయొద్దు. దెబ్బకు అంటుకునే మందు రిమ్‌లోనే ఉంటుంది, అది నలిగితే బోల్ట్ లాక్ కాకముందే పేలొచ్చు.

హ్యాండిల్ పైకి లేపేటప్పుడు బరువుగా ఉంటే, ఖాళీగా ఉన్నప్పుడూ అదే బరువు ఉందో లేదో చూసుకోండి. బోల్ట్ తెరిచేటప్పుడే కాక్ అయ్యే (ఫైరింగ్ పిన్ వెనక్కి బిగిసే) రైఫిల్‌లో, పిన్‌ను వెనక్కి నెట్టే వాలు పొడిబారితే ఇలా అవుతుంది. అక్కడ గోరుమొనంత గ్రీజు చాలు.

ట్రిగర్ నొక్కితే పేలలేదు

బోల్ట్ వెంటనే తెరవొద్దు. బట్ వైపే పట్టుకుని కనీసం 30 సెకన్లు ఆగండి. తర్వాత రిమ్ మీది గుంట చూడండి. లోతుగా ఉంటే రౌండ్‌దే లోపం, ఎందుకంటే ఆ చోట రిమ్‌లో మందు సరిగా పరుచుకోలేదు. పైపైనే ఉంటే బోల్ట్ పూర్తిగా మూసుకోలేదు, లేదా లోపల నూనె చిక్కబడింది, లేదా పిన్ మొన విరిగింది. బోల్ట్ లోపల కొబ్బరినూనె, వంటనూనె ఎప్పుడూ పోయొద్దు. కొబ్బరినూనె చలికాలం పొద్దున గడ్డకడుతుంది, వంటనూనె జిగురవుతుంది. కుట్టుమిషన్ నూనె మేలు, అదీ ఒక్క చుక్క.

ఖోకా రిమ్ పగిలినా, మొహం మీదికి పొగ కొట్టినా ఆ రోజు ఫైరింగ్ ఆపేయండి. కళ్లద్దాలు లేకుండా కాల్చడం ఎందుకు తప్పో అక్కడ తెలుస్తుంది. పగిలిన ఖోకాను, అదే పెట్టెలో మిగిలిన రౌండ్లను విడిగా కట్టి, రైఫిల్‌తో పాటు ఆర్మరర్‌కు ఇవ్వండి.