ముసురు పట్టకముందే చంటిబిడ్డ గుడ్డల సంగతి చూసుకోండి

అక్టోబర్ సగం దాటిందంటే తిరుపతిలో చంటిబిడ్డలున్న ఇళ్లలో ఒకటే టెన్షన్, గుడ్డలు ఆరవు. మనకు అసలు వాన జూన్, జూలైల్లో కాదు, ఈశాన్య రుతుపవనాలొచ్చే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడేదే గట్టి వాన, అందులోనూ నవంబర్ మరీను. బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం పుడితే చాలు, మూడు నాలుగు రోజులు ఎండ మొహం కనపడదు. 2021 నవంబర్ 18, 19 తేదీల్లో ఊళ్లో వీధులు ఏరులై పారినప్పుడు మా పెద్దోడికి నాలుగో నెల. కరెంటు లేదు. మెట్ల కింద తాడు కట్టి వేసిన గుడ్డలు మూడో రోజుకు కూడా తడిగానే ఉన్నాయి, ఇంట్లో ఉన్నవే మొత్తం ఇరవై, ఇక చేసేదేం లేక సగం ఆరినవే కట్టాం. నాలుగో రోజుకు వాడి పిరుదులు, తొడలు ఎర్రగా కందిపోయి, నీళ్లు తగిలితే చాలు గుక్కపట్టి ఏడ్చాడు. అందుకే వాన మొదలయ్యాక చదివేలా కాకుండా, ఇప్పుడే రాస్తున్నాను.

ముందు ఒక మాట. న్యాపీ రాష్, అంటే గుడ్డ కట్టిన చోట చర్మం ఇలా కందిపోవడం, అనగానే అందరూ ఏ క్రీము రాయాలి అని అడుగుతారు. క్రీము తర్వాత, ముందు తడి సంగతి చూడాలి. తడిలో నానిన చర్మం మెత్తబడి, గుడ్డ ఒరుసుకున్న చోటల్లా పొర లేచిపోతుంది. దాని మీద ఉచ్చ, దొడ్డి రెండూ కలిసి ఉండిపోతే ఇంకా కష్టం, దొడ్డిలోని సూక్ష్మజీవులు ఉచ్చలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి, దాంతో దొడ్డిలో ఉండే జీర్ణరసాలకు బలం పెరిగి అవి చర్మాన్నే తినేస్తాయి. రాత్రంతా మార్చని గుడ్డ విప్పగానే కళ్లు మండించే ఆ ఘాటు అమ్మోనియాదే. గుడ్డ త్వరగా మారిస్తే, బాగా ఆరినదే కడితే, చాలామంది పిల్లలకు మందుతో పనే పడదు.

కాబట్టి మొదటి పని లెక్క. రెండు మూడు నెలల బిడ్డకు రోజుకు పదిహేను గుడ్డలు సులువుగా అవుతాయి. ఎండ కాసే రోజుల్లో పొద్దున ఉతికితే మధ్యాహ్నానికి ఆరిపోతాయి, ఇరవైతో బండి నడుస్తుంది. ముసురులో ఒక్కో గుడ్డకు రెండు రోజులు పడుతుంది, అంటే ఆ రోజు కట్టడానికి పదిహేను, తాడు మీద ఆరుతున్నవి ముప్పై, కనీసం నలభై అయిదు చేతిలో ఉండాలి. డబ్బులు పెట్టి కొనక్కర్లేదు, ఇంట్లో పాత నూలు చీరలు, పంచెలు ఉంటాయి కదా, అవి చింపి అంచులు కుట్టుకుంటే చాలు. ఒంటి పొరగా ఉన్న గుడ్డ త్వరగా ఆరుతుంది, కట్టేటప్పుడు మడత పెట్టుకోవచ్చు. నాలుగు పొరలు కలిపి కుట్టేసిన మందపాటివి వానలో ఆరే మాటే లేదు. బజార్లో దొరికే పాకెట్ న్యాపీలు వాడేవాళ్లు లోపలి ప్యాడ్ తీసి విడిగా ఆరేయండి, మైక్రోఫైబర్ ప్యాడ్ మాత్రం బిడ్డ చర్మానికి నేరుగా తగలకూడదు, అది చర్మంలోని తేమను కూడా పీల్చేస్తుంది.

ఆ పాత చీరల విషయంలోనే ఒక పెద్ద జాగ్రత్త ఉంది, ఎవరూ చెప్పరు. బీరువాలో కలరా ఉండలు, అదే నాఫ్తలీన్ గోళీలు, వేసి దాచిన చీరలను బిడ్డకు వాడొద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా పుట్టే పిల్లలు కొందరుంటారు, పైకి ఏమీ తెలియదు. అలాంటి బిడ్డకు ఆ వాసన, ఆ గుడ్డ తగిలితే ఎర్ర రక్తకణాలు విరిగిపోయి కామెర్లు ముదురుతాయి, ప్రాణం మీదకు వస్తుంది. ఒంటికి నూనె రాసి ఉంటే అది ఇంకా ఎక్కువగా లోపలికి పోతుంది. మా అమ్మ పుంగనూరు నుంచి ఎంతో ప్రేమగా పట్టుకొచ్చిన మెత్తటి చీరలు రెండు ఆ వాసన కొట్టాయని పక్కన పెట్టేశాను, ఆమె కొంచెం నొచ్చుకుంది కూడా, అయినా ఆ విషయంలో మొహమాటపడేది లేదు. బిడ్డ బట్టలున్న అలమరాలో ఆ ఉండలు ఎప్పటికీ వేయొద్దు.

ఇక ఉతకడం. మా వీధిలో బోరు నీళ్లు ఉప్పనివి, నురగ రాదు, రాలేదని ఇంకాస్త సబ్బు వేస్తాం, అదంతా గుడ్డలోనే ఉండిపోయి ఆరాక అప్పడంలా గట్టిగా అవుతుంది. అది ఒరుసుకుంటే చర్మం లేవకుండా ఎలా ఉంటుంది? సబ్బు తగ్గించండి, మంచి నీళ్లలో మూడుసార్లు జాడించండి. అనుమానముంటే ఉతికిన గుడ్డను బకెట్ నీళ్లలో వేసి బాగా కలియతిప్పండి, నురగ వచ్చిందంటే సబ్బు ఇంకా ఉన్నట్టే. నేను వాన బాగా పడ్డాక మేడ మీద శుభ్రమైన బకెట్లు పెట్టి ఆ నీళ్లతో ఆఖరి జాడింపు చేసేదాన్ని, వాన నీటిలో ఉప్పు లేదు కాబట్టి గుడ్డ మెత్తగా వస్తుంది. వాసన కోసం వేసే కండిషనర్ వద్దు, దానివల్ల గుడ్డ ఉచ్చ పీల్చదు. యాంటీసెప్టిక్ లిక్విడ్‌లో ముంచి తీయడం కూడా వద్దు, మంట పుడుతుంది. దొడ్డి అయిన గుడ్డలను ముందు విడిగా కడిగి, తర్వాత మరిగే నీళ్లలో పది నిమిషాలు వేస్తే చాలు, నూలు గుడ్డలకు ఏమీ కాదు, ప్లాస్టిక్ పొర ఉన్న కవర్లను మాత్రం మరిగించకూడదు, పాడవుతాయి.

ఆరబెట్టడానికి మెషిన్ ఉంటే స్పిన్ రెండుసార్లు తిప్పండి. తర్వాత ఒక గదిలో స్టాండ్ మీద ఒకదాని మీద ఒకటి పడకుండా వేసి ఫ్యాన్ పెట్టండి. చివర్లో ఇస్త్రీ. ఇస్త్రీ చేసిన వెంటనే మడవకుండా పది నిమిషాలు ఆవిరి పోనివ్వండి. ఆరిందో లేదో చేత్తో తెలియదు, మా అవ్వ చెప్పినట్టు చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే తడి ఉన్నట్టే. కరెంటు ఉన్నప్పుడే ఇస్త్రీ పని ముగించేయాలి, తుపాను హెచ్చరిక వచ్చిన రోజు మిగతా పనులన్నీ ఆపి ఇది చేయండి. సాంబ్రాణి కుంపటి మీద బుట్ట బోర్లించి గుడ్డలు ఆరబెట్టే అలవాటు మన వైపు ఇంకా ఉంది, తలుపులు మూసిన గదిలో మాత్రం అలా చేయొద్దు, బొగ్గుల నుంచి వచ్చే విషవాయువు కంటికి కనపడదు, వాసనా రాదు, బిడ్డ, తల్లి ఇద్దరికీ ప్రమాదం. గ్యాస్ పొయ్యి పక్కన తాడు కట్టడమూ వద్దు, గుడ్డలకు మంట అంటుకోవచ్చు.

అన్నీ చేసినా గుడ్డలు చాలని రాత్రి ఒకటి వస్తుంది. ఆ రాత్రికి డిస్పోజబుల్ డైపర్ వేయండి, తప్పేం లేదు. తడి గుడ్డ కట్టడం కంటే అది వంద రెట్లు నయం. అది కూడా మూడు నాలుగు గంటలకు మార్చాలి, దొడ్డికి వెళితే వెంటనే మార్చాలి.

అయినా కంది ఎర్రబడిందనుకోండి. గోరువెచ్చని నీళ్లు, దూదితో తుడవండి, వాసన వేసిన వైప్స్ వద్దు, ఆడపిల్లకైతే ముందు నుంచి వెనక్కి తుడవాలి. రుద్దకుండా అద్ది ఆరనివ్వండి. రబ్బరు షీటు మీద నూలు గుడ్డ పరిచి, మార్చిన ప్రతిసారీ పది పదిహేను నిమిషాలు ఏమీ కట్టకుండా పడుకోబెట్టండి, గాలి తగలడమే మొదటి మందు. ఆ తర్వాత జింక్ ఆక్సైడ్ క్రీము, పల్చగా పూసి లాభం లేదు, గోడకు సున్నం వేసినట్టు మందంగా పట్టించాలి. మళ్లీ మార్చేటప్పుడు దాన్ని పూర్తిగా గోకి తీయక్కర్లేదు, మురికి వరకు తుడిచి పైన ఇంకొంచెం వేయండి. ఆ క్రీము గుడ్డకు అంటుకుంటే గుడ్డ పీల్చదు, అందుకని మధ్యలో ఒక పల్చటి పాత నూలు ముక్క వేసుకోండి. మామూలు రాష్ రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. కొంచెం ఎరుపే అయితే కొబ్బరి నూనె చాలు. పౌడర్ ఏదీ వద్దు, ఆ దుమ్ము బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పాత రోజుల్లో చల్లిన బోరిక్ పౌడరైతే విషమే. పచ్చి చర్మం మీద పసుపు, కర్పూరం కలిపిన నూనె కూడా రాయొద్దు.

మూడు రోజులైనా తగ్గకపోతే మడతలు విప్పి చూడండి. మామూలు రాష్ గుడ్డ తగిలే ఎత్తు భాగాల్లో ఉంటుంది, గజ్జల మడతల్లో ఉండదు. మడతల్లోనే ముదురు ఎరుపు, చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు చెదిరినట్టుంటే అది క్యాండిడా అనే ఫంగస్. బిడ్డకు గానీ, పాలిచ్చే తల్లికి గానీ యాంటీబయాటిక్ వాడిన తర్వాత ఇది ఎక్కువ. నాలుక మీద తుడిచినా పోని తెల్ల మచ్చలు ఉన్నాయేమో కూడా చూడండి. దీనికి ఫంగస్ మందు వేరే ఉంది, డాక్టరు చూసి రాసిచ్చినన్ని రోజులు వాడాలి, ఎరుపు పోయిందని మధ్యలో ఆపకూడదు.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్తాను. అప్పుడు వానలో డాక్టరు దగ్గరికి పోలేక ఒక మందుల షాపులో అడిగితే ట్యూబ్ ఇచ్చారు. రెండు రోజుల్లో ఎరుపు మాయమైంది, ఎంత మంచి మందో అనుకున్నాను. ఆపిన మూడో రోజు అంతకు రెట్టింపు వచ్చింది. తర్వాత డాక్టరు ఆ ట్యూబ్ చూసి, ఇందులో బీటామెథసోన్ అనే గట్టి స్టిరాయిడ్ ఉందమ్మా, గుడ్డ కట్టిన చోట ఇది ఒంట్లోకి ఎక్కువ పోతుంది, చర్మం పల్చబడుతుంది, ఫంగస్‌ను కప్పిపెట్టి పెంచుతుంది అన్నారు. ట్యూబ్ మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే మాటలు చదవండి, ఉంటే మీ అంతట మీరు వాడొద్దు. ఎవరు ఎంత నమ్మకంగా ఇచ్చినా వద్దు.

నీటి బొబ్బలు, చీము, తేనె రంగు పక్కు, రక్తం, జ్వరం, పాలు తాగకపోవడం, వీటిలో ఏది కనపడినా మూడు రోజులు ఆగొద్దు, ఆ రోజే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నెల లోపు బిడ్డకు ఏ రాష్ వచ్చినా అంతే. విరేచనాలతో పాటు నోటి చుట్టూ కూడా పొక్కులొస్తే జింక్ లోపం కావచ్చు, అదీ డాక్టరే చూడాలి.

కొండకు తీసుకెళ్లేవాళ్లు ఇంకో రెండు మాటలు వినండి. పుట్టెంట్రుకలు తీయించడానికని ఈ నెలల్లో తిరుమలకు చంటిపిల్లలను తీసుకెళతారు. పైన మంచు, చలి, అక్కడ ఉతికి ఆరేసుకునే ఆశ పెట్టుకోకండి. క్యూ కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నాక గంటలు గడిచిపోతాయి, దర్శనం అయ్యాక మారుద్దాంలే అనుకుని తడిలోనే ఉంచేయడం వల్లే చాలామంది పిల్లలు కిందికి దిగేసరికి ఒరుసుకుపోయి ఉంటారు. పది పొడి గుడ్డలు, జింక్ క్రీము, చిన్న సీసాలో నీళ్లు, తడివి వేయడానికి విడిగా ఒక సంచి, ఇవి చేతి సంచిలోనే ఉండాలి, రూములో కాదు. ఒళ్లో పడుకోబెట్టుకునే మార్చేయండి.

వాయుగుండం దాటిపోయి మరుసటి రోజు ఎండ వస్తుంది చూడండి, ఆ పొద్దున మడతపెట్టి దాచినవి కూడా అన్నీ బయటికి తీసి మేడ మీద ఒక్క పూట ఎండనివ్వండి. సాయంత్రం లోపలికి తెచ్చేటప్పుడు ఒక్కొక్కటీ చెంపకు ఆనించి చూసి, లెక్కపెట్టి మడవండి. రేపు ఇంకో అల్పపీడనం అని రేడియోలో చెప్పినా ఆ నలభై అయిదూ పొడిగా ఉంటాయి.